ఫస్ అంటే ఏటి మేస్టారూ?

అనకాపల్లిలో చోడవరం బస్సు కదిలిందో లేదో, నూకరత్నం కేకలు పెట్టింది.

"ఆపండి బాబూ, ఆపండి! తాతమ్మ నీళ్ళకి దిగింది, ఎక్కనేదు!"

ముందు సీట్లోని గోవిందరావు పేపరు దించి వెనక్కి తిరిగాడు. అది డెబ్భై రెండో సంవత్సరం. విశాఖపట్నం నుంచి చోడవరం హైస్కూలుకి కొత్తగా వస్తున్న ఇంగ్లీషు మాస్టారతను. గోలంటే గిట్టదు.

"ఎందుకండీ ఇంత ఫస్?"

"అంటే ఏటి?"

"అక్కర్లేని హడావిడి."

"ముసల్దాన్ని రోడ్డు మీద ఒగ్గేస్తే మీకు అక్కర్లేదేమో. నాకు కావాల!"

బస్సు ఆగింది. ఆయాసపడుతూ ఎక్కిన తాతమ్మ నూకరత్నం బుగ్గలు పుణికింది. గోవిందరావు మళ్ళీ పేపరు ఎత్తలేదు. ఆ పిల్ల కళ్ళలో ఇంకా మెరుస్తున్న కోపాన్ని చూస్తూ ఉండిపోయాడు.

చోడవరంలో అతనికి గది దొరికింది వాళ్ళ పక్కింట్లోనే. నూకరత్నం గోడవతల నుంచి పలకరించేది.

"మేస్టారూ, ఆ మాట ఇంకెక్కడ వాడతారు?"

"కూరలో ఉప్పు తగ్గిందని సణిగినా ఫస్సే. ఎవరినైనా మరీ గారాబం చేసినా, చుట్టూ తిరిగి కొసరి కొసరి పెట్టినా ఫస్సే."

"అయితే అందులో మంచీ ఉందన్నమాట!" అని నవ్వేది. ఆ నవ్వు కోసం అతను డిక్షనరీ అంతా అప్పజెప్పగలడు.

మాఘమాసంలో ఓ ఉదయం ఆమె నవ్వలేదు.

"బుచ్చయ్యపేట సమ్మంధం. రేపు తాంబూలాలు. మీరేటీ అనరా?"

"నేను మాట్లాడితే అనవసరంగా గొడవ..."

"అనవసరమేనేటి, మేస్టారూ?"

అతను తలదించుకున్నాడు. ఎత్తేసరికి ఆమె లేదు.

ఆ రోజు పాఠం ఒక్క ముక్క సాగలేదు. బడి వదలగానే చెరకు తోటకి పరుగెత్తాడు. ఆమె తండ్రి సత్యారావు అక్కడ బెల్లం వండిస్తున్నాడు. గానుగ ఇంజను చెవులు పగిలేలా మోగుతోంది.

"మీ అమ్మాయి..."

"ఏటి? ఇనబడ్డం నేదు, గట్టిగా సెప్పండి బాబూ!" అంటూ సత్యారావు ఇంజను ఆపమని చెయ్యి ఊపాడు.

గోవిందరావు అది చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"నూకరత్నమంటే నాకు ప్రాణం! నాకిచ్చి పెళ్ళి చెయ్యండి!"

ఇంజను అప్పటికే ఆగిపోయింది. చెరకు మోస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. పొయ్యి దగ్గరున్న నూకరత్నం చెంగుతో మొహం కప్పుకుంది.

"నీకిష్టమేనేటమ్మా?" అన్నాడు సత్యారావు.

చెంగు లోపల తల ఊగింది.

"మరి ఇన్నాళ్ళూ మాటాడనేదేటి బాబూ? బుచ్చయ్యపేటోళ్ళకి నేను సెప్పుకుంటాను. మీ పెద్దోళ్ళని రమ్మనండి. ముందు కూకోండి."

నూకరత్నం చెరకు ముక్కకి వేడి పాకం చుట్టి తెచ్చింది. నోరు కాలుతుందని ఊదింది. అతను చెయ్యి చాపినా ఇవ్వకుండా మళ్ళీ ఊదింది.

"ఒసే, ఊదింది సాల్లే! ఆ బాబుని తిననీ," అన్నాడు సత్యారావు.

"ఫస్ అంటే ఇదేనేటి మేస్టారూ?" అంటూ నూకరత్నం ఇంకోసారి ఊదింది.