తొట్టిలో దిగనన్న విజయభాస్కర్

"ఏమప్పా! మందిరానికి చెప్పిన నీళ్ళు వీధిలో పోస్తాండావే? రేపు బాప్తిస్మాలుండాయి!"

ట్యాంకర్ ట్రాక్టరు మీద కూర్చున్న విజయభాస్కర్ తల కూడా తిప్పలేదు. కింద పైపు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో తోసుకుంటున్నారు.

"రేపు మునిగేవాళ్ళు ఈ పొద్దు తాగొద్దా మేడమ్?" అన్నాడు.

సారాకు ఒళ్ళు మండింది. అంతలోనే నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా మండింది.

అది 2003 వేసవి. కళ్యాణదుర్గం చుట్టుపక్కల చెరువులన్నీ నెర్రెలిచ్చాయి. అందుకే సారా వాళ్ళ నాయన, పాస్టర్ రామప్ప, మందిరం వెనక సిమెంటు తొట్టి కట్టించాడు. నిండా మునిగితేనే బాప్తిస్మం, బాప్తిస్మం ఉంటేనే రక్షణ అన్నది ఆయన మాట. ఆ మాట మీద ఆయన అంగుళం కూడా జరగడు.

సాయంత్రానికి విజయభాస్కర్ ఇంకో ట్యాంకర్ తెచ్చి తొట్టి నింపాడు. ఆ వారం నుంచి ప్రార్థనకు రావడం మొదలుపెట్టాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు బాప్తిస్మం లేనివాళ్ళు లేచి బయటికి పోవాలి. అక్కడి పద్ధతి అది. అతను పోయి బయట ఎండలో నిలబడేవాడు. కళ్ళు మూసుకుని తినాల్సిన రొట్టెను సారా కిటికీ వైపు చూస్తూ తినడం మొదలుపెట్టింది.

వర్షాలు రాలేదు గానీ ప్రేమ వచ్చేసింది.

"తొట్టిలో దిగు, చాలు. నాయన పెండ్లికి ఒప్పుకుంటాడు. నీకు నమ్మకం లేదా ఏం?" అంది ఒకరోజు సారా.

"ఉండాది. మా అమ్మ నేర్పిందే." అతని ముఖం వాడిపోయింది. "ఈ తొట్టి కట్టకముందు ఆయమ్మ బాప్తిస్మం అడిగితే, చెరువు నిండినాక చూద్దామన్నాడు మీ నాయన. చెరువు నిండలేదు, మా అమ్మ పోయింది. మునగలేదు కాబట్టి రక్షణ లేదంట. ఇప్పుడు నేను దిగితే ఆ మాట ఒప్పుకున్నట్లే కదా? నిన్ను చేసుకునేదానికి మా అమ్మను నరకానికి పంపల్లా?"

సారాకు అతని మీద ప్రేమ రెట్టింపయింది.

ఆ శనివారం రామప్ప సంగటి తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"నాయనా, కదిరమ్మకు రక్షణ ఉండాదా, లేదా?"

"ఆ ట్యాంకర్ పిల్లోని అమ్మా? ఎందుకిప్పుడు?"

"సిలువ మీద దొంగకు ప్రభువు పరదైసు ఇచ్చినాడే, ఆయప్పను యాడ ముంచినాడు?"

"ఆయప్పకు దిగే వీలు లేదు పాపా."

"కదిరమ్మకు ఉండిందా? చెంబుతో అయినా పొయ్యమని అడిగితే నువ్వే వద్దంటివి. వాకిలి మూసింది దేవుడా, నువ్వా?"

రామప్ప ముద్ద వదిలేసి లేచిపోయాడు. పెళ్ళి మాట ఇక ముగిసిపోయిందనుకుని సారా ఏడ్చింది.

మరునాడు రొట్టె పంచే వేళయింది. విజయభాస్కర్ ఎప్పటిలాగే లేచాడు.

"కూర్చోప్పా," అన్నాడు రామప్ప. మందిరమంతా తలెత్తి చూసింది.

"కదిరమ్మ నన్ను బాప్తిస్మం అడిగింది. నేను చెరువు చూసినా గానీ, ఆయమ్మ విశ్వాసం చూళ్ళేదు. బాప్తిస్మం ప్రభువు ఆజ్ఞ. వీలున్నోళ్ళు తప్పించుకోకూడదు. కానీ రక్షించేది నీళ్ళు కాదు, ప్రభువు. కదిరమ్మ ఆయన దగ్గరే ఉండాది. తప్పు నాది."

ముందు ఒక ముసలామె, తర్వాత మందిరమంతా హల్లెలూయా అన్నారు. విజయభాస్కర్ అందరిముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆపైన కళ్ళు తుడుచుకుని, "అయ్యగారూ, ఇప్పుడు దిగుతా," అన్నాడు.

తొట్టిలో మునిగి లేచినప్పుడు అతని ముఖమంతా నవ్వే. కంజీరలు మోగుతున్నాయి. అయినా అతను గట్టెక్కలేదు.

"ఇంకేమప్పా?" అన్నాడు నడుంలోతు నీళ్ళలో ఉన్న రామప్ప.

"ఇంకొకటి అడగల్ల అయ్యగారూ."

తువ్వాలు పట్టుకుని సారా ముందుకొచ్చింది. "ఆయప్ప అడిగేది నన్ను నాయనా. నేను సరే అంటాండా."

రామప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అట్లయితే ఇంకా అయ్యగారూ అంటాడేం పాపా? మామా అనమను!"