అమ్మ బాక్స్‌లో దుంపలు

“కోచమ్మా! అమ్మ బాక్స్ సర్దావా? డ్యూటీకి వేళవుతోంది!” ముందు గదిలోంచి నాన్న కేకేశాడు. కేక అయ్యీ అవకముందే కుట్టు మిషను మళ్లీ టకటకలాడింది.

“ఆఁ, అయిపోవచ్చింది!” వంటింట్లోంచి అంది కోచమ్మ.

ఆ పిల్ల అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ కోచమ్మే. అమ్మకు ఫిట్‌నెస్ పరీక్ష ఉందని తెలిసినప్పటి నుంచి, ఆటల కోచ్‌లా నడుం మీద చేతులు పెట్టుకుని “ఇంకో రౌండు! ఇంకో రౌండు!” అంటూ అమ్మ వెంట పడుతుంటే నాన్న పెట్టిన పేరది.

అమ్మది ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం. మంటలార్పే బండి మీద వెళ్తుంది. ఆ బండి మీద పనిచేసేవాళ్లకు ఏడాదికోసారి పరీక్ష పెడతారు. బరువైన నీళ్ల గొట్టాన్ని చుట్టగా చుట్టి భుజాన వేసుకోవాలి. స్టేషన్ వెనకున్న టవర్ మెట్లు ఆగకుండా పై దాకా ఎక్కాలి. ఎక్కితే బండి మీద ఉంటారు. ఎక్కలేకపోతే ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తుతారు. అమ్మకేమో బండి అంటే ప్రాణం.

అందుకే ఇంట్లో డైట్ మొదలైంది. వేపుళ్లు బంద్. చక్కెర బంద్. పగలు గుడ్డు, ఉడికించిన శనగలు, కూరగాయలు, బంగాళదుంపలు. రాత్రికి సూప్. ఖర్చు పెరగకుండా చూసుకునే పూచీ నాన్నది. మార్కెట్ సర్దేసే వేళకు సంచీ పట్టుకుని వెళ్తాడు. వంకర క్యారెట్లు, బుట్ట అడుగున మిగిలిన చిన్న దుంపలు ఏరుకొస్తాడు.

“వంకరగా ఉంటేనేం? నమిలాక అన్నీ ఒకటే!” అంటాడు.

వండేది నాన్న అయినా బాక్స్ సర్దేది మాత్రం కోచమ్మే. ఇంకెవర్నీ వేలు పెట్టనివ్వదు.

ఆ రోజు మూత పెట్టబోయి ఆగిపోయింది. ముందు రోజు స్నేహితురాలి ఇంట్లో చూసిన వీడియో గుర్తొచ్చింది. అందులో ఒక అక్క పొట్ట లోపలికి పోయి నిగనిగలాడుతోంది. ఆమె ప్లేటు నిండా రంగురంగుల ముక్కలు, పచ్చటి ఆకులు. “దుంపల జోలికి వెళ్లారా, అంతే సంగతులు!” అని వేలు ఊపి మరీ చెప్పింది.

కోచమ్మ బాక్స్‌లోకి చూసింది. ముడతల తొక్కతో గోలీల్లాంటి దుంపలు. చవకవి. ఇవా ఫిట్‌నెస్ వాళ్లు తినేవి? ఆ పిల్లకు సిగ్గేసింది.

గబగబా దుంపలన్నీ తీసి గిన్నెలో వేసేసింది. శనగలు సగం తగ్గించింది. ఆ ఖాళీలో కీరా ముక్కలు పేర్చి, పైన నాలుగు ఆకులు కప్పింది. ఇప్పుడు బాక్స్ అచ్చం వీడియోలోలా ఉంది. అమ్మకు చెబుదామా అనుకుంది. చెబితే వద్దంటుందేమో! ఎందుకొచ్చిన గొడవ అని మూత నొక్కేసింది.

మర్నాడూ అంతే చేసింది. ఆ మర్నాడూ అంతే.

“ఈ వారం దుంపలు భలే కలిసొస్తున్నాయే!” అని నాన్న మురిసిపోయాడు. రాత్రిళ్లు అమ్మ సూప్ తాగి పడుకున్నాక, మిగిలినవాటిని ఉల్లిపాయతో కలిపి వండేవాడు. అవి ఎక్కడివో తెలిసిన కోచమ్మే నాన్నకంటే ఎక్కువ వడ్డించుకునేది.

డ్యూటీ నుంచి రాగానే అమ్మ ముందు గటగటా రెండు గ్లాసుల నీళ్లు తాగేది.

“బాక్స్ సరిపోయిందా అమ్మా?”

“సరిపోయిందిలే తల్లీ,” అని కోచమ్మ జుట్టు నిమిరేది.

ఒకరోజు అమ్మ బెల్టు ఒక కన్నం లోపలికి జరిగింది. కోచమ్మ ఎగిరి గంతేసింది. అమ్మ కళ్ల కింద నలుపు మాత్రం ఆ పిల్లకు కనిపించలేదు. బెల్టు వైపే చూస్తున్న వాళ్లకు ముఖం ఎలా కనిపిస్తుంది?

పరీక్షకు ముందు చివరి ప్రాక్టీస్ చూడటానికి ఇంట్లోవాళ్లను కూడా రానిచ్చారు. నాన్న, కోచమ్మ టవర్ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు.

అమ్మ గొట్టం చుట్ట భుజానికెత్తుకుని మెట్లెక్కసాగింది. ఒక అంతస్తు దాటింది. ఇంకోటి దాటింది.

“పద అమ్మా, పద! ఇంకో రౌండు!” కోచమ్మ గొంతు చించుకుంది.

తర్వాతి మలుపులో అమ్మ ఆగింది. మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుంది. మెల్లగా మెట్టు మీద కూలబడిపోయింది.

బండి నడిపే డ్రైవర్ మామయ్య రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి పరుగెత్తి, అమ్మను చెయ్యి పట్టి దించుకొచ్చాడు. అమ్మ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

“భోజనం చేశారా?” స్టేషన్ ఆఫీసర్ అడిగాడు.

“చేశానండీ. బాగానే తిన్నాను.”

“ఎల్లుండే పరీక్ష. ఇలాగైతే మిమ్మల్ని బండి ఎక్కించలేనమ్మా,” అన్నాడాయన. కోపంగా అనలేదు. బాధగానే అన్నాడు.

అమ్మ తల దించుకుంది. అమ్మ అలా తల దించుకోవడం కోచమ్మ ఎప్పుడూ చూడలేదు.

నాన్న నీళ్లు తాగించి పక్కన కూర్చున్నాడు. “అన్ని దుంపలు తిని కూడా ఇంత నీరసమేంటి?”

“దుంపలా? బాక్స్‌లో దుంపలెక్కడున్నాయి?”

“అదేంటి, రోజూ ఉడకబెడుతున్నానుగా!”

అమ్మ గొంతు తగ్గించింది. “ఈ నెల నీకు కుట్టు పని పెద్దగా రాలేదు కదా. అందుకే తగ్గించావనుకున్నాను. అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కోచమ్మ చెప్పుతో నేల మీద గీతలు గీసింది. తనని ఎవరూ అడగలేదు. నోరు మూసుకుంటే ఈ సంగతి ఇక్కడితో పోతుంది. కానీ ఆ పిల్ల లేచి అమ్మ ముందుకొచ్చి నిలబడింది.

“నేనే తీసేశాను,” అంది. “వీడియోలో దుంపలు వద్దన్నారు. మనవి చూడ్డానికి కూడా బాలేవు. అందుకని కీరా పెట్టాను.”

“మరి ఆ దుంపలన్నీ ఏమయ్యాయే?” అమ్మ అడిగింది.

“నేనే తినేశాను!” కోచమ్మ భోరుమంది.

డ్రైవర్ మామయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఓసి నీ కోచింగు బంగారం కానూ! బండికి డీజిల్ పొయ్యకుండా అద్దాలు మెరిసేలా తుడిస్తే కదులుతుందటే?”

అమ్మ కూడా నవ్వింది. కోచమ్మను దగ్గరికి లాక్కుని తన యూనిఫాం చేతి అంచుతోనే ముక్కు తుడిచింది. “ఏడవకు. నువ్వు నాకు చెప్పలేదు. నేనూ నోరు తెరిచి అడగలేదుగా.”

ఆ సాయంత్రం సంచీ కోచమ్మే పట్టుకుంది. మార్కెట్‌లో బుట్ట ముందు చతికిలబడి, చేతులకు మట్టి అంటేలా కెలికి, గట్టిగా ఉన్న చిన్న దుంపల్ని ఏరింది. స్నేహితురాలు అటుగా వెళ్తూ, “ఏం కొంటున్నావే?” అని పలకరించింది.

“దుంపలు. మా అమ్మ టవర్ ఎక్కాలిగా!” అంది కోచమ్మ. ఈసారి సిగ్గుపడలేదు.

రెండు రోజులూ బాక్స్ మూత పట్టనంతగా సర్దింది. సర్దాక అమ్మను పిలిచి మరీ చూపించింది.

పరీక్ష రోజు అమ్మ మెట్లెక్కుతుంటే కోచమ్మ అరవలేదు. నాన్న చొక్కా పట్టుకుని బిగుసుకుపోయి చూసింది. అమ్మ ఆ మలుపు దగ్గర ఒక్క క్షణం నెమ్మదించింది. కోచమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి పై నుంచి అమ్మ చెయ్యి ఊపుతోంది.

ఆ రోజు అమ్మకు సెలవిచ్చారు. ముగ్గురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. గిన్నెలో ఉన్నదంతా అప్పటికే వడ్డనైపోయింది. అమ్మ ప్లేటు ఖాళీ అయింది.

“సరిపోయిందా అమ్మా?” కోచమ్మ అడిగింది.

“సరిపో...” అనబోయి అమ్మ ఆగింది. నాన్న వైపు చూసింది. ఖాళీ గిన్నె వైపు చూసింది. కాస్త మొహమాటంగా నవ్వి, “లేదు. ఇంకా ఆకలేస్తోంది,” అంది.

కోచమ్మ తన ప్లేటులోని దుంపల్లో అన్నిటికంటే పెద్దవి రెండు ఏరి అమ్మ ప్లేటులో వేసింది.