పాలు మింగే పాఠం

"పుట్టి పట్టుమని పది రోజులు కాలే, దీనికి స్పీచ్ థెరపిస్టా? ఏం, ఉపన్యాసం ఇప్పిస్తరా?"

చెంచురామయ్య పిల్లల వార్డు అదిరేలా నవ్వాడు. తాత పేరు పెట్టుకున్న పాతికేళ్ళ కుర్రాడు. పెనుబల్లిలో ఎరువుల కొట్టు. ములకలపల్లి అడవి అంచున ఉన్న ఆ మిషన్ దవాఖానాలో అతని అక్క ప్రమీలారాణికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. బావగారు వచ్చి, పాపను చూసి, నిట్టూర్చి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మైసూరులో చదివొచ్చిన థెరపిస్టు రిబ్కా చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అంది:

"పాపకు పాలు మింగటం నేర్పుత. మీకు కావాలంటే మాటలు మింగటం కూడా నేర్పుత."

నర్సులు కిసుక్కుమన్నారు.

పాప చప్పరిస్తే ఊపిరి మరిచిపోయేది, ఊపిరి తీస్తే మింగటం మరిచిపోయేది. అందుకే ముక్కులో గొట్టం. చెంచురామయ్య తల్లి రాఘవమ్మకు ఆ గొట్టం నచ్చలేదు. థెరపిస్టూ నచ్చలేదు. "మీరేమిట్లమ్మా?" అని మొదటిరోజే కులం ఆరా తీసింది. "క్రిస్టియన్స్" అనగానే మంచినీళ్ళ చెంబు కాస్త దగ్గరకు జరుపుకుంది. మనవరాలిని మాత్రం ఆ చేతుల్లోంచి జరుపుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే పాప నాలుకకు తేనె రాసింది. నర్సులు రాకుండా గుమ్మం దగ్గర కాపలా చెంచురామయ్యది. చూస్తుండగానే పాప మొహం నీలంగా మారింది. రిబ్కా పరుగున వచ్చి, గొంతులోది మిషనుతో లాగేసి, వీపు నిమిరి ఏడుపు రప్పించింది.

"కాపలా బాగా కాసిన్రు," అంది.

"తప్పయింది. నాకు నేర్పండి. అక్క ఇంకా లేవలేకపోతుంది."

"నోరు మూసుకుని కూర్చోగలరా?"

"చూస్తా."

పాపను అతని ఒళ్ళో పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తుగా పడుకోబెట్టింది. గడ్డం కింద వేలు ఎలా ఆనించాలో చూపింది. ఉగ్గుగిన్నెతో తల్లిపాలు ఒక చుక్క. ఆగాలి. మింగిందా? ఊపిరి తీసిందా? అప్పుడు ఇంకో చుక్క. బయట వాన రేకుల మీద దంచుతోంది. ఒక్క బస్తా అమ్మటానికి అరగంట వాగే మనిషి పసిగొంతు కదలికనే చూస్తూ ఊపిరి బిగబట్టాడు.

"మీరు కూడా ఊపిరి తీసుకోవచ్చు," అంది రిబ్కా.

తలెత్తాడు. ఆమె నవ్వుతోంది. చుక్క గురితప్పి పాప చెంప మీద పడింది.

"అటు కాదు. నోరు గిక్కడుంది."

ఆ వానాకాలమంతా పాఠం సాగింది. ఈలోగా రాఘవమ్మే రిబ్కాకు తన చెంబుతో మంచినీళ్ళు అందించటం మొదలుపెట్టింది. చివరికి గొట్టం తీసేశారు. పాప తల్లి రొమ్ము పట్టి కడుపునిండా తాగింది. డిశ్చార్జి రోజున జీపు సిద్ధంగా ఉంటే, చెంచురామయ్య వరండాలో రిబ్కాను ఆపాడు.

"మా అమ్మను ఒప్పిస్తా. మీ నాన్నగారితో మాట్లాడతా. మీ పాస్టరుగారిని కూడా కలుస్తా."

"దేనికి?"

"మన పెళ్ళికి."

"బాగుంది. లోకమంతటినీ అడుగుతరు. నన్నెప్పుడు అడుగుతరు?"

జీపులోంచి రాఘవమ్మ తల బయటపెట్టింది.

"జల్దీ అడగరా! కులం సంగతి మీ బాబాయిలతో నేను కొట్లాడుకుంటలే. ఏంది, అది కూడా నేనే అడగాల్నా?"

"నన్ను చేసుకుంటారా?" అన్నాడు, గొణుగుతున్నట్టు.

"ఆదివారం ఇంటికి రండి. మా నాన్న అంత తేలిగ్గా వదలడు."

"అంటే?"

"అవ్ అని!" అంది రిబ్కా. "మీకు చెవులు కూడా పరీక్ష చెయ్యాల్సిందే."