ఊపిరి బిలం కాడ పలకని తల్లి

పుల్లలచెరువు దాటి నల్లమల వైపు పోతే, సున్నపురాయి గుట్టల్లో ఒక బిలం ఉంది. ఊపిరి బిలం అంటారు. పగలు దాని నోట్లోంచి చల్లగాలి కొడుతుంది. పొద్దుగూకితే మాత్రం... గాలి కాదు, గొంతులొస్తాయంట. నీకు బాగా కావాల్సినోళ్ల గొంతే వస్తుందంట. పలికితే లోపలికి లాగేస్తుందని మేకలోళ్ల భయం. అందుకే పిలుపు వినపడితే చెవుల్లో కొంగు కుక్కుకుని, మూడుసార్లు ఉమ్మేసి పోతారు.

ఆ రోజు గురమ్మ మేకల్ని తోలుకుని గుట్ట దిగేసరికి మసక పడింది.

బిలం కాడికి రాగానే మేకలు నిలబడిపోయినాయి.

"అమ్మా..."

గురమ్మ గుర్తుపట్టింది. కూతురు కవిత గొంతు! కవిత మార్కాపురంలో, కాలేజీ హాస్టల్లో ఉంది గదా—

"అమ్మా... నేనే..."

కొంగు కుక్కుకుంది. ఉమ్మింది. వెనక్కి చూడకుండా దిగింది.

ఇంటికాడ మొగుడి అన్న ఎర్రయ్య విని నవ్వినాడు. "ఏంది, బిలం నిన్ను గూడా పిలిచిందా? పలికుంటే మాకు సంగటి ఎవరు కెలికేది!"

గురమ్మ నవ్వలేదు. కూతురికి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. హాస్టలుకు చేసింది.

"కవితా? మధ్యాహ్నం బస్సుకే ఇంటికని బయల్దేరింది గదమ్మా. చెప్పలేదా?"

"బిలంలో ఉండేది నా బిడ్డే!" అని అరుస్తా గురమ్మ వీధిలోకి పరిగెత్తింది.

తాళ్లు, లైట్లు, మనుషులు కూడి గుట్టెక్కేసరికి సగం రాత్రయింది.

బిలంలో రెండు నిలువుల లోతున, చిన్న రాతి అరుగు మీద కవిత. బస్సు దిగి అడ్డదారిన వస్తా జారింది. కాలు విరిగింది. పక్కన జానెడు జరిగినా... అడుగు తెలియని గొయ్యి.

పైకి లాగినారు. గురమ్మ కూతుర్ని కరుచుకుని కూలబడింది.

"నీ గొంతు విన్నా తల్లీ... విని గూడా పలకలేదు. దెయ్యమనుకుని పోయినా..."

"పలికినావు గదమ్మా."

"...ఎవరు?"

"నువ్వే. మొదట పలకలా. నేను ఏడుస్తా ఉంటే పలికినావు. 'కదలబాక తల్లీ, పక్కన గొయ్యుంది, నిద్రపోబాక' అని... లైట్లు కనపడిందాకా చెప్తానే ఉన్నావు."

గురమ్మ బిలం వైపు తిరిగి చూసింది.

"నీ గొంతు కిందనించి వస్తా ఉంటే," అంది కవిత, "నువ్వు గూడా పడిపోయినావేమోనని భయపడినా."