దవడలోకి నెత్తురు వచ్చేదాకా

సోక్చో సముద్రపు ఒడ్డున ఆ పొద్దున కూడా పొయ్యి మీద జావే ఉడుకుతోంది. ఆ వాసనకే బొంగ్‌నమ్‌కు ఒళ్లు మండింది.

"మళ్లీ జావేనా? మీ మామ బాలింతనుకున్నావా?" అంది కోడలు యోన్‌హ్వాతో.

"గట్టివి నమలొద్దని డాక్టరు చెప్పాడు కదత్తయ్యా."

బొంగ్‌నమ్ మొగుడు దల్‌సూకు దవడ ఎముకలో గడ్డ లేచింది. దాన్ని తీసేసి, మిగిలిన గడ్డ వేర్లు కూడా చావాలని ఆ చోట ఎముకను మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లనైన ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించారు. అప్పటినుంచీ ఇంట్లో గరిటె పెత్తనం కోడలిదే. బొంగ్‌నమ్‌కు అది మింగుడుపడలేదు. బుద్ధెరిగినప్పటినుంచీ సముద్రంలో పట్టిన పదికాళ్ల స్క్విడ్లను అమ్మకానికి ఆరబెడుతున్న మనిషాయె! ఐసులోంచి తీసిన సరుకు మధ్యాహ్నానికల్లా మెత్తబడి మామూలైపోతుంది. నెలలు గడిచినా ఈయన దవడ కరగలేదంటే ఎవరు నమ్ముతారు? పైగా ఆయనకు నొప్పన్నదే లేదు.

దల్‌సూ ఎండిన స్క్విడ్ కాలు కొరికి "సరే" అంటే తప్ప ఆ ఇంట్లో సరుకు మూట కట్టరు. ఇప్పుడాయన ఎవరికీ అక్కర్లేనివాడిలా మూల కూర్చుంటున్నాడు. ఆమె చూడలేకపోయింది. కోడలు పెరట్లోకి వెళ్లగానే ఒక కాలు తెచ్చి చేతిలో పెట్టింది.

"కొరుకయ్యా! నేనున్నాగా."

ఆయన మొహం వెలిగిపోయింది. కసుక్కున కొరికాడు.

టక్‌మంది.

పెరట్లోంచి యోన్‌హ్వా పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటే ఆ చప్పుడు?" అన్నాడు దల్‌సూ, మాట ముద్దగా. దవడ ఒక పక్కకు ఒరిగిపోయింది, పెదవి చివర నెత్తురు. ఆయన మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

బొంగ్‌నమ్ ఆ కాలును ఆయన చేతిలోంచి లాక్కుంది.

"ఏం పెట్టారత్తయ్యా!"

"కరిగిపోయుంటుందనుకున్నానే..."

"మంచు ఆ రోజే కరిగింది! నెత్తురే తిరిగి రాలేదు. లోపలి రక్తనాళాలు చచ్చాయి, కొత్తవి పుట్టేదాకా అది ప్రాణం లేని ఎముక. నరమూ మొద్దుబారింది, అందుకే నొప్పి తెలీదు. ఎన్నిసార్లు చెప్పాను!"

"చెప్పావు తల్లీ. నేనే వినలేదు." బావురుమంది బొంగ్‌నమ్.

ఆసుపత్రిలో పళ్లకు తీగలు చుట్టి నోరు కట్టేశారు. అంచుల నుంచి నెత్తురు మెల్లగా పాకుతోందని, ఎముక అతుక్కుంటుందని, ఈసారైనా తొందరపెట్టొద్దని డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చిన రోజు దల్‌సూ తిన్నగా స్క్విడ్లు ఆరేసిన దండేల దగ్గరికి వెళ్లాడు. ఒక కాలు తుంచి కోడలి చేతికిచ్చి, కొరకమని సైగ చేశాడు. ఆమె బెరుగ్గా కొరికింది.

"ఇంకో పూట ఎండాలి, మామయ్యా."

ఆయన తలూపాడు. అంతలో జావ గుర్తొచ్చి యోన్‌హ్వా పొయ్యి వైపు కదలబోయింది. బొంగ్‌నమ్ ఆమె భుజం పట్టి ఆపింది.

"నువ్వు సరుకు చూడమ్మా. జావ నేను కలుపుతాను," అంది కళ్లొత్తుకుంటూ.