రాణి బుగ్గ మీద సిలువ

“ఇవాళే ఆఖరట. నేనూ వేలం పాడుతున్నా. మా అత్తమ్మకు మాత్రం తెలియనీయకే!”

వంటింట్లో తబిత ఫోన్‌లో చెల్లెలితో గుసగుసలాడింది. ముందు గదిలో ఉన్న ఆరోగ్యమ్మకు ఒక చెవి ఎప్పుడో రిటైరైపోయింది. రెండోది కూడా డ్యూటీకి సరిగ్గా రావడం లేదు. ఆమెకు అది “నేనూ వేరు పడుతున్నా” అని వినిపించింది! తప్పు చేసింది చెవి, శిక్ష పడింది కళ్లకు... వారమంతా ముసలామె కొంగు తడుపుకుంటూనే ఉంది.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసింది, ఇంట్లో ఆరాధన మొదలైంది! ఆరోగ్యమ్మ కూతురు ఆరాధన, ఫోన్‌లో తల్లి ఏడుపు విని, పెనుబల్లి నుంచి కారు కిరాయికి మాట్లాడుకొని మరీ దిగింది. తల్లి పెట్టె వాకిట్లో పెట్టించింది.

“ఏంది వదినా, మా అమ్మ గంత బరువైందా నీకు?”

“తబితా! వేరు పడతానన్నవా, లేదా? అవ్ అను, లేకుంటే కాదను!” మొగుడు క్రిస్టోఫర్ అరిచాడు.

తబిత వంగి పెట్టెను లోపలికి లాగబోయింది. కాదంటే, మరేమన్నావని అడుగుతారు. వేలమంటే, ఎందుకని అడుగుతారు. ఆ ‘ఎందుకు’ దగ్గరే ఆమె ప్రాణం ఆగిపోయింది...

బొగ్గుబాయి డ్యూటీ దిగితే చాలు, క్రిస్టోఫర్‌కు ఆన్‌లైన్ వేలంలో పాత వెండి రూపాయలు కొనే పిచ్చి. మంచివి కాదు, దెబ్బతిన్నవే... అంచు నలిగినవి, నల్లగా మాడినవి, దండల్లోంచి తెంపినవి! వాటిని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, పసిపిల్లకు తలంటినంత మెత్తగా బ్రష్‌తో రుద్దుతాడు. “గట్టిగ తోమితే నాణెం నాణ్యం పోతది” అని ఇంట్లో అందరికీ పాఠం చెబుతాడు.

ఆరోగ్యమ్మ మెడలోనూ నల్లదారానికి కొక్కెంతో అలాంటి రూపాయే ఉండేది. దాని మీద విక్టోరియా రాణి. పెళ్లయిన కొత్తలో భర్త యేసుదానం ఆ రాణి బుగ్గ మీద మేకుతో చిన్న సిలువ గీశాడు. ఆయన పోయాడు, ఈమె చూపు మందగించింది. ఆ గీత మీద బొటనవేలు పెట్టనిదే ఆమెకు ప్రార్థన సాగదు!

దారం తెగితే కొత్తది ఎక్కించమని కోడలికిచ్చింది. క్రిస్మస్ దగ్గర పడుతోంది, అత్తమ్మ మురిసిపోవాలని తబిత చింతపండు, బూడిద, గిన్నెల పీచు పట్టుకొని కూర్చుంది. రాణి మల్లెపువ్వులా మెరిసింది. బుగ్గ మీద సిలువ లేదు! నాణెం తెల్లబడింది... తబిత తెల్లబోయింది. “కొక్కెం ఊడింది, అతికిస్తున్నారు” అని అత్తమ్మకు అబద్ధమాడి, వేలంలో అలాంటి రాణినే కొక్కెంతో సహా పాడుకొని, బుగ్గ మీద సిలువ తానే గీసింది. తోమితే మచ్చ పోతుందంటారు గానీ, ఆమెకు తోమినందుకే మనసు మీద మచ్చ పడింది!

“నా రూపాయి ఇయ్యి తబితా. పోత...” ఆరోగ్యమ్మ చెయ్యి చాపింది.

తబిత దొంగ రాణిని తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది. బొటనవేలు బుగ్గను వెతుక్కుంది.

“ఇగో... మీ నాయన గీత!” అని ముసలామె దాన్ని ముద్దుపెట్టుకొని భోరుమంది. తర్వాత తడుముకుంటూ కోడలి చేతిలోనే పెట్టింది. “ఉంచుకో బిడ్డా. వేరు పడితే ఏమాయె... నాకు జొరమొస్తే కాళ్లు పిసికింది ఈ చెయ్యే గద!”

తబిత నిప్పు తగిలినట్టు దాన్ని అత్త ఒళ్లో పడేసింది.

“వద్దత్తమ్మా! అది మామయ్య గీసింది కాదు... నేను గీసిన అబద్ధం!” తబిత పరుగున వెళ్లి బియ్యం డబ్బాలోంచి అసలు రూపాయి తెచ్చి, అత్త పాదాల దగ్గర కూలబడింది. తోమిన సంగతి, దాచిన సంగతి, వేలం పాడిన సంగతి... ఏడుస్తూ అంతా చెప్పేసింది.

“ఎన్నిసార్లు చెప్పిన నీకు...” క్రిస్టోఫర్ లేచాడు.

“నువ్వాగురా!” ఆరోగ్యమ్మ అసలు రూపాయి అందుకొని, రాణి నున్నటి బుగ్గను చాలాసేపు తడిమింది. “దేంతోని తోమినవే?”

“చింతపండు... బూడిద...”

“నేను గూడ గదే! పండుగ పండుగకు తోమేదాన్ని, గీత పోయేది. మీ మామ తిట్టుకుంట మళ్ల గీసేటోడు. ఆయన పోయినంక... ఇగ గీసేటోడు లేడని తోముడు మానిన.” ఆమె రూపాయిని కోడలి ముందుకు చాపింది. “తోమినందుకు కోపం లేదు. నాకు చెప్పకుంట ఏడ్చినందుకు ఉన్నది! పట్టు, నువ్వే గియ్యి. జర లోతుగ గియ్యి, నా వేలికి దొరకాలె.”

అత్త చెయ్యి తన చెయ్యి మీద ఉండగా, తబిత సూదిమొనతో రాణి బుగ్గ మీద సిలువ గీసింది. గీతకొక కన్నీటి బొట్టు రాలింది.

గుమ్మంలో డ్రైవర్, గోడ అవతల క్వార్టర్ల వాళ్లు నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు.

“మరి వేరు పడుడు?” ఆరాధన తేరుకొని అడిగింది.

“వేరు కాదే చెల్లే, వేలం! పడుడు కాదు, పాడుడు!” క్రిస్టోఫర్ అందరికీ వినపడేలా చెప్పాడు.

“ఓర్నీ! అయితే ముందు తోమాల్సింది నా చెవినే!” అంది ఆరోగ్యమ్మ.

వాకిలంతా నవ్వులు. తబిత మాత్రం నవ్వలేక, పెట్టెలోంచి అత్తమ్మ చీరలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేస్తోంది...