పది గంటలకు పగిలే సంచులు

"ఆపరేషన్ క్యాన్సిల్. వెంటనే వచ్చెయ్యి," అన్నాడు చీఫ్, ఇయర్‌పీస్‌లో. "నాచు శుభ్రంగా ఉందని మేడమ్ రిపోర్ట్ ఇచ్చింది."

ఏజెంట్ నత్త చేతిలోని బీకరు తోముతూనే ఉంది. నెల రోజులుగా ఆమె ఈ నాచు ఫ్యాక్టరీలో గాజుసామాను కడిగే మనిషి. మేడమ్ ఈ కంపెనీకి సలహాదారు; విదేశీ ముఠాలో ఉంటూ చీఫ్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. చూపు తిప్పుకోనివ్వని అందం. పది గంటలకు ఆమె బటన్ నొక్కితే, ట్యాంకులోని విత్తన నాచు నలభై చెరువుల్లోకి పారుతుంది. దేశంలో సగంమంది బడిపిల్లల తిండి ఆ నాచు పొడే.

తొమ్మిదిన్నర. ట్యాంకు శాంపిల్ తెచ్చిన ఫ్లాస్కు కడగడానికి వచ్చింది. నత్త ఒక చుక్క తీసి, పెన్నులో దాచిన మైక్రోస్కోప్‌తో చూసింది.

నాచు కణాలకు గుండ్రటి సంచులు అతుక్కుని ఉన్నాయి. వాటి అడుగు నుంచి సన్నటి వేళ్లు కణాల్లోకి దిగి పచ్చదనమంతా పీల్చేస్తున్నాయి. శిలీంధ్రం. చూస్తుండగానే ఒక సంచి మూత తెరుచుకుంది. ఒంటి తోక బీజాలు గుంపుగా ఈదుకుంటూ బయటికొచ్చాయి. ఒకటి పక్క కణాన్ని పట్టుకుని, తోక లోపలికి లాక్కుంది. ఇక అక్కడే కాపురం.

"చీఫ్, మేడమ్ అబద్ధమాడింది. మిగతా సంచులూ నిండుగా ఉన్నాయి. ఇవి చెరువుల్లో పడితే వారంలో నాచుండదు."

"రెండేళ్లుగా ఆమె మాట తప్పలేదు. బయటికి రా. ఇది ఆర్డర్."

"రాను సర్."

ఇయర్‌పీస్ పీకేసి ట్యాంకు గదిలోకి నడిచింది. ట్యాంకులోకి ఆవిరి వదిలే స్టీమ్ వాల్వు పూర్తిగా తిప్పి, దాని చక్రం ఊడదీసి మురుగు కాలువలో పారేసింది. డెబ్బై డిగ్రీలు దాటితే శిలీంధ్రం బతకదు. బటన్ ఉన్న స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

తొమ్మిది యాభై ఏడుకి మేడమ్ వచ్చింది. ట్యాంకు వేడి చూపే మీటరు అరవై ఐదు. ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"గాజుసామాను కడిగేదానివి, ఇక్కడ నీకేం పని?"

"ట్యాంకు మురికిగా ఉంది మేడమ్."

"బటన్ దగ్గర్నుంచి తప్పుకో."

నత్త వీపును స్విచ్‌బోర్డుకు ఇంకా గట్టిగా ఆనించింది. "కాల్చండి. చచ్చినా ఇక్కణ్ణించి కదలను."

తూటా భుజంలో దిగింది. వీపు మాత్రం కదల్లేదు. మేడమ్ ఆమె జుట్టు పట్టి లాగింది. అరవై తొమ్మిది. తూటా చప్పుడుకి గార్డులు తలుపు తోసుకుని వచ్చి, పిస్టల్‌తో ఉన్న మేడమ్‌ని పట్టుకునే సరికి, ఆమె వేలు బటన్‌కి జానెడు దూరంలో ఉంది. మీటరు డెబ్బై ఒకటి.

సాయంత్రం ఆసుపత్రికి చీఫ్ ఫోన్ చేశాడు. "విత్తనమంతా ఉడికిపోయిందని ఫ్యాక్టరీవాళ్లు మండిపడుతున్నారు."

"మళ్లీ పెంచుకోమనండి సర్. నాచుకి ఆరు రోజులు చాలు," అంది నత్త. "నా భుజానికే ఆరు వారాలట."